కాల్విన్ హారిస్ పాటలు తనే చేస్తాడా? బటన్ నొక్కే డీజేకి అంత డబ్బెందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: కాల్విన్ హారిస్ పేరుతో వచ్చే పాటల్లో గొంతు చాలాసార్లు ఇంకెవరిదో. స్టేజి వీడియోలు చూస్తే ఏదో బటన్ నొక్కి చేతులు పైకెత్తడమే కనిపిస్తుంది. అలాంటి మనిషి ఏళ్ల తరబడి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సంపాదించే డీజేగా ఎలా నిలిచాడు? పాటలు నిజంగా తనే చేస్తాడా, వెనక ఎవరైనా ఉన్నారా?

సూటిగా చెప్తాను. పాట అతనిదే, గొంతు అరువు. జనం టికెట్ కొనేది బటన్ నొక్కడం చూడ్డానికి కాదు. తమకి మాటలన్నీ నోటికొచ్చిన పది పన్నెండు పాటల్ని, వాటిని కట్టినవాడే ఎదురుగా నిలబడి వేస్తాడని. ఇంకో మాట కూడా ముందే అనేస్తాను, వివరం తర్వాత: అతను స్టేజి మీద పాడటం మానేశాకే నిజంగా పెద్దవాడయ్యాడు.

నేను పదహారేళ్లుగా హైదరాబాద్‌లో ఈ పనిలోనే ఉన్నాను. పగలు సినిమా పాటలకీ యాడ్‌లకీ ప్రోగ్రామింగ్ (కంప్యూటర్ మీద సంగీతం కట్టడం), వారాంతాల్లో పబ్బులు, సంగీత్‌లు, రిసెప్షన్లు. కాబట్టి అభిమానిగా కంటే ఆ పని చేసేవాడిగానే జవాబిస్తున్నాను.

ముందు మాటల గందరగోళం తీర్చాలి. మన దగ్గర "డీజే పెట్టారా?" అంటే బండి మీద బాక్సులు కట్టి ఊరేగింపు ముందు నడిపించడం. అది సౌండ్ సప్లయర్ పని. ఉన్న పాటల్ని ఒకదాని మీదకి ఒకటి ఆపకుండా వేసేవాడు డీజే. పాటని సున్నా నుంచి తయారు చేసేవాడు ప్రొడ్యూసర్. ఈ చివరి మాటతో ఇంకో చిక్కుంది. తెలుగులో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు. నేను మ్యూజిక్ ప్రొడ్యూసర్‌నని చెప్పిన రోజు మా మామగారు కాసేపు ఆలోచించి, "ఎంత పెట్టావు బాబూ?" అని అడిగారు.

కాల్విన్ హారిస్ ప్రధానంగా ప్రొడ్యూసర్. మన భాషలో చెప్పాలంటే సంగీత దర్శకుడు, ప్రోగ్రామర్, చాలాసార్లు పాటల రచయిత కూడా ఒకే మనిషిలో. ఇది తెలుగువాళ్లకి అర్థం కాకపోవడమే నాకు విచిత్రం. సంగీత దర్శకుడు పాడలేదు కాబట్టి పాట ఆయనది కాదని మనం ఎప్పుడైనా అన్నామా? పాడేది ఒకరు, కట్టేది ఇంకొకరు అన్న సంగతి మనకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. పాశ్చాత్య పాప్‌లో ముఖం, గొంతు ఒకరివే కావడం మామూలు. అందుకని అక్కడ ఇది వింతగా కనిపించింది, మనమూ ఆ కళ్లద్దాలతోనే చూస్తున్నాం.

ఇక అతని కథ. అసలు పేరు ఆడమ్ రిచర్డ్ వైల్స్. 1984 జనవరి 17న స్కాట్లాండ్ దక్షిణాన డమ్‌ఫ్రీస్‌లో పుట్టాడు. ముప్పై వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. స్కాట్లాండ్ జాతీయ కవి రాబర్ట్ బర్న్స్ చివరి రోజులు గడిపింది అక్కడే, అంతకుమించి ఆ ఊరిని బయటివాళ్లు తలుచుకోవాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. తల్లిదండ్రులు ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, తండ్రి బయోకెమిస్ట్. బడి అయ్యాక కుర్రాడు సూపర్‌మార్కెట్‌లో సరుకులు సర్దాడు, చేపల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ కూలి డబ్బులన్నీ పరికరాలకే. పద్దెనిమిదేళ్లప్పుడు, 2002లో, స్టౌఫర్ అనే పేరుతో ఒక చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) నుంచి రెండు ట్రాకులు వచ్చాయి. ఎవరూ పట్టించుకోలేదు. లండన్ వెళ్లాడు. అక్కడా గట్టిగా ఒక్క పాట బయటికొచ్చింది, ఆయా మరార్ అనే అమ్మాయి పాడినది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. చేతిలో డబ్బులైపోయి తిరిగి ఇంటికొచ్చేశాడు.

కాల్విన్ హారిస్ అన్న పేరు కూడా లెక్క వేసుకుని పెట్టుకున్నదే. మొదటి పాట కొంచెం సోల్ సంగీతం (అమెరికాలో నల్లవాళ్ల నుంచి వచ్చిన బాణీ) ఛాయలో ఉంది, ఆ పేరు వింటే మనిషి తెల్లవాడో నల్లవాడో తేలదు, అందుకే పెట్టుకున్నానని అతనే చెప్పాడు.

ఇంట్లో కూర్చుని చేసిన పాటల్ని అప్పటి సోషల్ మీడియా సైటు మైస్పేస్‌లో పెడుతూ పోయాడు. వాటిని విన్న మార్క్ గిలెస్పీ అతనికి మేనేజర్ అయ్యాడు, 2006లో ఈఎంఐ పబ్లిషింగ్ ఒప్పందం, సోనీ బీఎంజీ రికార్డు ఒప్పందం వచ్చాయి. 2007 జూన్‌లో మొదటి ఆల్బమ్ 'ఐ క్రియేటెడ్ డిస్కో'. డిస్కో నేనే పుట్టించానంటాడు, 23 ఏళ్ల పొగరు.

ఆ ఆల్బమ్ దగ్గర కొంచెం ఆగాలి, పాటలు తనే చేస్తాడా అన్న మీ ప్రశ్నకి జవాబు అక్కడుంది. దాన్ని ఎక్కువ భాగం చేసింది అమిగా 1200 అనే కంప్యూటర్ మీద. అది 1992లో వచ్చిన మోడల్, అప్పటికే పదిహేనేళ్ల పాతది. అందులో ఆక్టామెడ్ అనే ట్రాకర్ సాఫ్ట్‌వేర్. ట్రాకర్ చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. మన లాజిక్, ఏబుల్టన్, ఎఫ్ఎల్ స్టూడియో లాంటి ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో పాట ఎడమ నుంచి కుడికి రంగురంగుల డబ్బాలుగా కనిపిస్తుంది. ట్రాకర్‌లో పై నుంచి కిందికి అంకెల వరసలు జారుతుంటాయి. ఏ గడిలో ఏ స్వరం, ఏ శాంపిల్ (ముందే రికార్డు చేసిన శబ్దం ముక్క), ఎంత వాల్యూమ్ అన్నీ కీబోర్డు మీద టైపు చేయాలి. చూస్తే కిరాణా కొట్టు చిట్టాలా ఉంటుంది. అమిగా సౌండ్ చిప్‌కి ఉన్నవి నాలుగే ఛానళ్లు, 8 బిట్. ఆక్టామెడ్ ఆ నాలుగింటినే కిందామీదా పడి ఎనిమిది చేస్తుంది. డ్రమ్ముకి రెండు, బేస్‌కి ఒకటి పోతే పాట మొత్తాన్ని మిగిలిన ఐదింట్లో సర్దాలి.

నేను ఒకసారి సరదాకి ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని ప్రయత్నించాను. ఎనిమిది బార్ల (ఒక్కో బారుకి నాలుగు దెబ్బలు) లూప్ ఒక్కటి నడవడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. అప్పుడు అర్థమైంది, ఇతని పాటల్లో అనవసరమైన సౌండ్ ఎందుకుండదో. మనవాళ్లకి ఒక జబ్బుంది (నాకూ ఉంది): పాట పలచగా వినిపిస్తే ఇంకో లేయర్ వేసేయడం. ఫైల్ తెరిస్తే నూట ఇరవై ట్రాకులు. అతనికి ఆ అవకాశమే లేకుండా చేయి తిరిగింది. పెద్ద స్టూడియోలు వచ్చాక కూడా ఒక రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బాణీ ముక్క), ఒక బేస్, ఒక కిక్ (బరువైన డ్రమ్ము దెబ్బ), ఒక గొంతు. అంతే.

వెనక ఎవరైనా ఉన్నారా అన్నదానికి: ఈ ఫీల్డ్‌లో ఘోస్ట్ ప్రొడ్యూసింగ్ అనేది ఉంది, దాచేదేం లేదు. నేనూ ఒకప్పుడు అద్దె కట్టుకోవడానికి ట్రాకులు చేసి ఇచ్చాను, అవి ఇప్పుడు ఇంకెవరి పేరు మీదో ఆడుతున్నాయి. అందుకే అనుమానం తప్పు కాదు. అయితే ఇతని విషయంలో మొదటి ఆల్బమ్ రాసింది, వాయించింది, పాడింది అన్నీ తనే. రిహానా పాడిన 'వి ఫౌండ్ లవ్'కి రచయితగా ఉన్నది ఒక్క కాల్విన్ హారిస్ పేరే. 'ఫీల్ సో క్లోజ్', 'సమ్మర్' కూడా అంతే. ఇతరులు కలిసినప్పుడు వాళ్ల పేర్లు మామూలుగా బయటే ఉంటాయి: 'వన్ కిస్' రాసినవాళ్లలో దాన్ని పాడిన దువా లిపాతో పాటు జెస్సీ రేయెజ్ అనే గాయని ఉంది.

ఇప్పుడు పాడటం మానేసిన సంగతి. 2008లో ర్యాపర్ డిజీ రాస్కల్‌తో 'డాన్స్ వివ్ మీ' బ్రిటన్ చార్టులో నాలుగు వారాలు నంబర్ వన్. అంతకుముందే పాప్ గాయని కైలీ మినోగ్ ఆల్బమ్‌కి రెండు పాటలు. 2009లో తనే పాడిన 'ఐయామ్ నాట్ అలోన్' నంబర్ వన్, ఆగస్టులో వచ్చిన రెండో ఆల్బమ్ కూడా నంబర్ వన్. అప్పుడు బ్యాండ్ పెట్టుకుని, మైకు పట్టుకుని ముందు నిలబడి పాడేవాడు. ఇంకెవరైనా అయితే అదే దారిలో పోయేవారు. ఇతను 2010లో, ఇక లైవ్‌లో పాడను, డీజేగానే వస్తానని ప్రకటించాడు. తన గొంతు స్టేజికి సరిపడేది కాదని తనకే తెలుసు.

ఇది రాసినంత తేలిక కాదండీ. నా మొదటి ఐదేళ్లలో నేను కూడా డీజే చేస్తూనే మైకు తీసుకుని పాడేవాణ్ని. ఒక రిసెప్షన్‌లో పెళ్లికూతురి మేనత్త నా దగ్గరికొచ్చి, "బాబూ, నువ్వు వేసే పాటలు బాగున్నాయి, వాటి మీద అరవకు" అంది. ఇంటికెళ్లి రికార్డింగ్ విన్నాను. శ్రుతి ఎక్కడో, నేనెక్కడో. ఆమె మాట నిజమే అయినా మైకు వదలడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. నంబర్ వన్ పాట పాడినవాడు ఆ మాట తనకి తానే చెప్పుకుని దిగిపోయాడంటే నాకు అందుకే గౌరవం.

మానేశాక ఏం జరిగింది? పాట రాసేటప్పుడు తన గొంతు పరిధి అనే అడ్డు పోయింది. 2011లో రిహానా ఆస్ట్రేలియా టూర్‌లో ఆమెకి ముందు వాయించాడు. అదే ఏడాది 'వి ఫౌండ్ లవ్'. అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో పది వారాలు నంబర్ వన్.

ఆ పాటని హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి విప్పి చూడండి. 128 బీపీఎం, అంటే నిమిషానికి 128 దెబ్బలు. మొదలవడమే సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) రిఫ్‌తో మొదలవుతుంది, ఎత్తుగడ సంగీతం అంటూ ఏమీ లేదు. కార్డుల (కలిసి మోగే స్వరాల) వరస చివరిదాకా దాదాపు అదే. మాటలన్నీ అరచేతంత కాగితం మీద పట్టేస్తాయి. మన లెక్కలో పల్లవి ఉంది, చరణం ఉండీ లేనట్టు. పల్లవిలో ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంటే, వెనక ఒక సౌండ్ సైరన్‌లా నెమ్మదిగా పైకి లేస్తుంది. డ్రమ్ములు దగ్గర పడతాయి. ఇంక తట్టుకోలేం అనిపించే చోట తెగి, రిఫ్ కిక్‌తో కలిసి పడుతుంది. దాన్నే డ్రాప్ అంటాం. ఇంకో సంగతి గమనించండి. కిక్ పడ్డ ప్రతిసారీ మిగతా సంగీతమంతా ఒక్క క్షణం కిందికి వంగి మళ్లీ లేస్తుంది, పాట ఊపిరి పీలుస్తున్నట్టు. దాని పేరు సైడ్‌చెయిన్. పెద్ద బాక్సుల్లో విన్నప్పుడు మన ఒళ్లు తెలీకుండానే ఆ ఊపుకి కదులుతుంది.

గొప్పతనం ఎక్కడుందంటే, ఈ పద్ధతులన్నీ క్లబ్బుల్లో అప్పటికే పాతవి. వాటిని మూడున్నర నిమిషాల రేడియో పాటలోకి దించి, రిహానా గొంతులో ఉన్న దిగులుని చెడగొట్టకుండా అట్టే పెట్టాడు. ఆ పాట సంతోషంగా ఉందో బాధగా ఉందో ఇప్పటికీ చెప్పలేను. గచ్చిబౌలి పబ్బులో 2012లో వేస్తుంటే ఒకే టేబుల్ దగ్గర ఇద్దరు గంతులేసేవాళ్లు, మూడో ఆయన కళ్లు తుడుచుకునేవాడు.

2012 అక్టోబర్‌లో '18 మంత్స్' ఆల్బమ్. అందులోంచి తొమ్మిది పాటలు బ్రిటన్ టాప్ టెన్‌లోకి వెళ్లాయి. అంతవరకూ ఆ రికార్డు మైకేల్ జాక్సన్‌ది. పాడినవాళ్లు రిహానా, కెలిస్, నీ-యో, ఫ్లోరెన్స్ వెల్చ్, ఎలీ గౌల్డింగ్... ఇంకా, లండన్‌లో డబ్బుల్లేని రోజుల్లో పాడిన ఆయా మరార్. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని ఐవర్ నొవెల్లో అవార్డులవాళ్లు సాంగ్‌రైటర్ ఆఫ్ ద ఇయర్ ఇచ్చారు. అవార్డు పేరు చూడండి, పాటల రచయితకి ఇచ్చేది, డీజేకి కాదు.

డబ్బు లెక్క ఇక్కడి నుంచి మొదలవుతుంది. 2013 నుంచి 2018 దాకా వరసగా ఆరేళ్లు ఫోర్బ్స్ పత్రిక వేసే డీజేల సంపాదన జాబితాలో మొదటి పేరు అతనిదే. వాళ్ల అంచనా 2013లో 4.6 కోట్ల డాలర్లు, 2014లో 6.6 కోట్లు. ఇందులో పెద్ద వాటా పాటలు అమ్మితే వచ్చింది కాదు. లాస్ వేగాస్ కసీనో హోటళ్లు అప్పుడే భారీ నైట్ క్లబ్బులు కట్టాయి: ఎంజీఎం గ్రాండ్‌లో హక్కాసాన్ 2013లో, సీజర్స్ ప్యాలెస్‌లో ఓమ్నియా 2015లో. ఆ క్లబ్బులకి ఆదాయం గేటు దగ్గర టికెట్ కంటే లోపల టేబుళ్ల మీద ఎక్కువ. టేబుల్ బుక్ చేసుకుంటే సీసాల లెక్కన బిల్లు. ఆ టేబుళ్లు నిండాలంటే జనానికి పాటలు తెలిసిన పేరు బోర్డు మీద ఉండాలి. హారిస్‌తో రెసిడెన్సీ, అంటే ఏడాదిలో ఇన్ని రాత్రులని ఒప్పందం చేసుకున్నారు. ఒక గాయని అదే రాత్రికి రావాలంటే బ్యాండ్, డాన్సర్లు, బట్టలు, లారీలు. డీజేకి పెన్‌డ్రైవ్, హెడ్‌ఫోన్. క్లబ్బువాళ్లకి ఖర్చు తక్కువ, అతనికి మిగులు ఎక్కువ.

మన సంగీత్‌ల దగ్గరా చిన్న స్థాయిలో ఇదే లెక్క. బ్యాండ్ పిలిస్తే పన్నెండుమంది భోజనాలు, గదులు. డీజే అయితే ఒక గది చాలు. నా జీవనమే దాని మీద నడుస్తోంది కాబట్టి తప్పుపట్టను.

కొంచెం చేదు కూడా చెప్పాలి. 2014లో వచ్చిన 'మోషన్' నాకు ఎక్కలేదు. 'సమ్మర్' మంచి పాటే. కానీ మొత్తం మీద అదే రైజర్ (సైరన్‌లా పైకి లేచే సౌండ్), అదే డ్రాప్, గొంతు మారుతుందంతే. ఆ రోజుల్లో ప్రపంచమంతా అదే చేస్తోంది కాబట్టి అతని ఒక్కడి తప్పు కాదు, అయినా ఆ వరవడి దిద్దినవాళ్లలో అతనొకడు. 2016లో రిహానాతో మళ్లీ ఒక పెద్ద హిట్ ఉంది. దాన్ని కలిసి రాసిన నిల్స్ షోబెర్గ్ అనే పేరు వెనక టేలర్ స్విఫ్ట్ ఉందని తర్వాత తేలింది. 

నాకు అసలు నచ్చిన కాల్విన్ హారిస్ 2017లో కనిపిస్తాడు. 'ఫంక్ వేవ్ బౌన్సెస్ వాల్యూమ్ 1'. పండుతున్న పంటని వదిలేసినట్టు డ్రాప్‌లన్నీ పక్కన పెట్టాడు. 128 నుంచి వేగం దించి, 'స్లైడ్' 104 దగ్గర తాపీగా నడుస్తుంది. ఫ్రాంక్ ఓషన్, ఫారెల్, కేటీ పెర్రీ లాంటి పెద్ద గొంతులు. బేస్, గిటార్, పియానో, పాతకాలం సింథ్‌లు చాలావరకు తనే వాయించాడు, ఏ పాటలో ఏ వాద్యమో ఆల్బమ్ వివరాల్లోనే రాసి పెట్టాడు. మీ అనుమానం లాంటిది చాలామందికి ఉందని అతనికీ తెలిసే ఉంటుందని నా ఊహ.

మరుసటి ఏడాది 'వన్ కిస్'. 124 బీపీఎం, తొంభైల నాటి హౌస్ (క్లబ్బుల డాన్స్) సంగీతం వాసన. బ్రిటన్‌లో ఎనిమిది వారాలు నంబర్ వన్, ఆ ఏడాది అక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన పాట. కీవ్‌లో యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి ముందు దువా లిపా దాన్ని పాడింది. లివర్‌పూల్ ఆ రోజు ఓడిపోయింది, అభిమానులు మాత్రం పాటని తమతో తీసుకెళ్లిపోయారు. 2022లో లివర్‌పూల్ జట్టు కప్పులతో ఊరేగినప్పుడు బస్సు మీద డీజే చేసింది కాల్విన్ హారిసే. బండి మీద బాక్సులు, చుట్టూ జనం. చివరికి మన డీజే బండి దగ్గరికే వచ్చాడని మా కుర్రాళ్లతో అని నవ్వుకున్నాం.

2020లో లవ్ రీజెనరేటర్ అని వేరే పేరు పెట్టుకుని, తొంభైల మొదట్లోని రేవ్ (రాత్రంతా సాగే డాన్స్ పార్టీల) సంగీతం మీద పడ్డాడు. పెద్దగా అమ్ముడుపోయే సరుకు కాదు. కానీ 2023లో ఎలీ గౌల్డింగ్‌తో చేసిన 'మిరకిల్' వినండి. 143 బీపీఎం, అచ్చమైన ట్రాన్స్ (వేగంగా నడిచే ఒక డాన్స్ సంగీతం), మళ్లీ ఎనిమిది వారాలు నంబర్ వన్. పక్క గదిలో సరదాకి చేసింది ముందు గదిలోకి వచ్చి కూర్చుంది. మొదటి నంబర్ వన్‌కీ దీనికీ మధ్య పదిహేనేళ్లు. ఈ రంగంలో నాలుగేళ్లు నిలబడితేనే గొప్ప.

ఇక బటన్ సంగతి. పెద్ద ఫెస్టివల్ సెట్లలో లైట్లు, తెర మీది బొమ్మలు, బాణసంచా పాటతో ముందే ముడిపెట్టి ఉంటాయి కాబట్టి, అక్కడ చాలా భాగం ముందే అనుకున్న వరసలోనే నడుస్తుంది. ఈ మేరకు మీరన్నది నిజం. క్లబ్బులో అలా కుదరదు. హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని తర్వాతి పాట వేగం, శ్రుతి సరిచూసుకోవాలి. ఇప్పుడున్న పాట బేస్ తగ్గిస్తూ కొత్త పాట బేస్ తేవాలి, రెండు బేస్‌లు కలిస్తే బురద. ఫ్లోర్ మీద జనం పలచబడితే, వేద్దామనుకున్న పాట పక్కన పెట్టి ముప్పై సెకన్లలో ఇంకోటి వెతకాలి.

పరికరం మొరాయిస్తే అదొక టెన్షన్. 2015లో భీమవరం దగ్గర ఒక పెళ్లిలో ఎండకి నా ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోయింది. నలభై సెకన్లు నిశ్శబ్దం. ఐదువందలమంది నా వైపే చూస్తున్నారు. పక్కన కాఫీ తాగుతున్న సన్నాయి మేళం వాళ్లు నా మొహం చూసి జాలిపడి డోలు అందుకున్నారు, లేకపోతే ఆ రోజు నాకు భోజనం కూడా పెట్టేవాళ్లు కాదు. అప్పట్నుంచి రెండు పెన్‌డ్రైవ్‌లు జేబులోనే ఉంటాయి.

చేతులు పైకెత్తడం మాత్రం నేనూ చేస్తాను. డ్రాప్ రావడానికి ఇంకా ఎనిమిది బార్లుంటాయి, తర్వాతి పాట హెడ్‌ఫోన్‌లో అప్పటికే సిద్ధంగా ఉంటుంది. ఆ పదిహేను సెకన్లు చేతులకి వేరే పనేం ఉండదు.